బడి జవాబులు: మార్పు కబురు ఇంటింటికీ చేరాలంటే

ఈ నెల ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయుల నుంచి, తల్లుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. బడిలో ఏదో మారుతోంది, ఆ సంగతి ఇళ్లకు సరిగ్గా చేరడం లేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో చిన్న ఊరు. 1 నుంచి 5 వరకు 41 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. 3, 4, 5 తరగతుల పిల్లలు 22 మందిని పక్క ఊళ్లోని మోడల్ ప్రైమరీ స్కూలుకు మార్చే ప్రతిపాదన ఉందని, విద్యా కమిటీ తీర్మానం చేయించి పంపమని చెప్పారు. మేం నోరు విప్పకముందే ఊళ్లో ‘బడి ఎత్తేస్తున్నారంట’ అని మొదలైంది. ముందు ఎవరికి చెప్పాలి? ఎంతవరకు చెప్పాలి?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: ఆ పుకారుకు కారణం ఉంది. 2022 జూన్‌లో వచ్చిన 117 జీవోతో చాలా ఊళ్లలో 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు వెళ్లాయి. 2025లో ఆ జీవో పోయి, 1 నుంచి 5 వరకు తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్ల పద్ధతి వచ్చింది. మూడేళ్లలో రెండు మార్పులు చూసిన తల్లిదండ్రులు మూడో మాట వినగానే బడి పోతుందనే అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. మీరు చెప్పేదాకా ఆగరు, తమకు తోచిన జవాబు తామే వేసుకుంటారు.

వచ్చిన ఉత్తర్వును ఒకటికి రెండుసార్లు చదివి, ఒక తెల్లకాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ‘తెలిసినవి’, కుడివైపు ‘తేలాల్సినవి’. ఏ తరగతులు, ఏ బడికి, ఏ తేదీ నుంచి, మీ ఇద్దరిలో ఎవరు ఇక్కడ ఉంటారు, మధ్యాహ్న భోజనం ఎక్కడ, రవాణా ఉందా, 1, 2 తరగతుల సంగతేమిటి? కాగితంలో కనిపించినదే ఎడమవైపు రాయాలి. ఎవరో ఫోన్‌లో చెప్పింది కుడివైపుకే పోతుంది. కుడివైపు రాసిన ప్రతిదాని పక్కన ఎవరిని అడగాలో (మండల విద్యాధికారి అంటే ఎంఈఓ, చుట్టుపక్కల బడుల సముదాయాన్ని చూసే కాంప్లెక్స్ హెచ్‌ఎం, ఆ బడి హెచ్‌ఎం), ఎప్పటికి తెలుస్తుందో రాసుకోండి. సమావేశంలో మీ చేతిలో ఉండాల్సింది ఈ కాగితమే.

చెప్పే వరస ముఖ్యం. మొదట మీతో పనిచేసే టీచరు, ఆయా, వంట చేసేవాళ్లు. నీళ్ల ట్యాంకు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర జనం మొదట అడిగేది వాళ్లనే. ‘మాకేం తెలీదమ్మా’ అని వాళ్లు అంటే ఏదో దాస్తున్నారనుకుంటారు. అదే రోజు విద్యా కమిటీ చైర్మన్‌కు చెప్పండి. తర్వాత ఆ 22 మంది పిల్లల ఇళ్లు. అన్నదమ్ముల పిల్లలు కలిస్తే అవి పదిహేను, పదహారు గడపలే అవుతాయి, ఇద్దరు పంచుకుంటే రెండు సాయంత్రాల పని. ఆ పైన ఊరంతటికీ సమావేశం. ఈ వరస తిరగబడి, తన కొడుకు బడి మారుతోందని తల్లి వాట్సాప్ స్టేటస్‌లో చూసిందంటే ఆ తర్వాత మీరు చెప్పే మంచి మాట కూడా ఆమెకు ఎక్కదు.

సమావేశం వేళ ఊరి పనిని బట్టి పెట్టండి. ఉదయం పదకొండుకు పెడితే ఇంటి పట్టున ఉన్న పెద్దవాళ్లు తప్ప ఎవరూ రారు. కూలికి వెళ్లే తల్లులు రావాలంటే సాయంత్రం ఆరున్నర మంచిది. సంత రోజు, శుక్రవారం నమాజు వేళ, ఊళ్లో పెళ్లి ఉన్న రోజు వద్దు. ముందు రోజు సాయంత్రం, ఆ రోజు పొద్దున చాటింపు వేయించండి, లేదా గుడి మైకులో చెప్పించండి. చీటీ ఇలా ఉంటే చాలు:

‘3, 4, 5 తరగతుల పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. ఈ మూడు తరగతులను పక్క ఊరి మోడల్ ప్రైమరీ స్కూలుకు మార్చాలనే ప్రతిపాదన వచ్చింది. నిర్ణయం ఇంకా కాలేదు. 1, 2 తరగతులు ఇక్కడే ఉంటాయి. మీ మాట వినడానికి గురువారం సాయంత్రం 6.30కి బడిలో కూర్చుందాం. దూరం, దారి, భోజనం, టీసీ, తల్లికి వందనం గురించి మాట్లాడుకుందాం. రాలేనివారు నాకు ఫోన్ చేయండి, లేదా పొద్దున బడి దగ్గర కలవండి.’

‘1, 2 ఇక్కడే ఉంటాయి’ అన్న వాక్యం మీ ఉత్తర్వులో ఉంటేనే రాయాలి. ధైర్యం చెప్పడం కోసం లేనిది రాస్తే రేపు అది మీ మాటగా మిగులుతుంది.

సమావేశానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది వదిలేసేది కూడా ఇదే. ఇద్దరు ముగ్గురు తల్లుల్ని, ఒక మూడో తరగతి పిల్లను వెంటబెట్టుకుని బడి వేళకు ఆ దారిన నడవండి. దూరం ఎంతో ఫోన్‌లో మ్యాప్ చెబుతుంది గానీ, సంచీ వీపున వేసుకున్న ఎనిమిదేళ్ల పిల్ల ఎంతసేపు నడుస్తుందో చెప్పదు. ఆమె అడుగుతోనే నడిచి నిమిషాలు రాసుకోండి. రోడ్డు దాటాల్సింది ఎక్కడ, అక్కడ మలుపు ఉందా, కల్వర్టుకు గోడ ఉందా, వానాకాలం ఆ చప్టా మీద నీళ్లు పారతాయా, కుక్కలు ఎక్కడ కాస్తుంటాయి, ట్రాక్టర్లు ఏ వేళకు తిరుగుతాయి? విద్యాహక్కు చట్టం నమూనా నియమాలు 1–5 తరగతులకు బడి కిలోమీటరు నడక దూరంలో ఉండాలంటాయి. దారిలో ప్రమాదం ఉంటే ఆ సంగతి తీర్మానంలో రాయడానికి ఈ నడకలో రాసుకున్నవే ఆధారం. పైగా సమావేశంలో దారి గురించి మీ కంటే వెంట నడిచిన తల్లి చెబితే అందరూ వింటారు.

అక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న తల్లికి వందనం డబ్బు, అంటే పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే సాయం. ‘బడి మారితే ఆగిపోతుందా?’ అని గట్టిగా అడగలేక పక్కవాళ్ల చెవిలో అంటారు. వాళ్లు అడక్కముందే చెప్పండి. ఆ డబ్బు పిల్లల నమోదు, 75 శాతం హాజరు, తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం మీద ఆధారపడి ఉంటుంది. బడి మారినంత మాత్రాన పోదు. చిక్కు వచ్చేది వివరాలు ఆన్‌లైన్‌లో మారనప్పుడు. టీసీ చేతికిచ్చి ఊరుకుంటే సరిపోదు. బడుల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో మీరు పిల్లను డ్రాప్‌బాక్స్‌కు (బడి వదిలిన పిల్లల జాబితాకు) పంపితేనే కొత్త బడివాళ్లు పెన్ నంబరు (పిల్లకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య), పుట్టిన తేదీ కొట్టి చేర్చుకోగలరు. ఆధార్‌లో ఒక పేరు, రిజిస్టర్‌లో ఒక పేరు ఉన్న పిల్లల జాబితా ఇప్పుడే తీసి, ఆ ఇళ్లకు విడిగా చెప్పండి.

తీర్మానం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పుస్తకం ఇంటింటికీ పంపి సంతకాలు, వేలిముద్రలు తీసుకోకండి. విద్యా కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని చట్టం చెప్పేది పిల్లల సంగతి వాళ్లే తేలుస్తారని. సమావేశంలో చర్చ జరిగాక, రాసింది పైకి చదివి వినిపించాక సంతకాలు. వాళ్లు వద్దంటే వద్దన్న కారణాలతో సహా రాసి పంపండి. రవాణా ఇస్తే ఒప్పుకుంటామంటే ఆ షరతు కూడా వాళ్ల మాటల్లోనే రాయండి. దాన్ని మెత్తబరిచి రాసే హక్కు మనకు లేదు.

చివర్లో ‘తేలాల్సినవి’ చదివి, మళ్లీ ఎప్పుడు చెబుతారో తేదీ చెప్పండి. ఆ తేదీకి కొత్త సంగతి ఏమీ రాకపోయినా ‘ఇంకా రాలేదు, వచ్చే సోమవారం మళ్లీ చెబుతాను’ అని చెప్పాలి. మీరు ఊరుకున్న రోజే పుకారు మళ్లీ లేస్తుంది. ఇంకొకటి, ‘పైనుంచి వచ్చింది, మా చేతుల్లో ఏం లేదు’ అనకండి. మార్పు మీ చేతుల్లో లేకపోవచ్చు, కబురు చెప్పడం మీ చేతుల్లోదే.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో అన్నీ పెడుతున్నాను. అయినా సగం మంది ‘మాకు తెలీదు సార్’ అంటున్నారు. గ్రూపులో గుడ్ మార్నింగులు, గొడవలు వేరే.
— ఒక హెచ్‌ఎం, నల్గొండ జిల్లా

జవాబు: గ్రూపు సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చండి, గొడవలు ఆ పూటే ఆగుతాయి. మామూలు గ్రూపులో తల్లుల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, దానివల్ల కొందరికి ఇబ్బంది. కమ్యూనిటీ తెరిచి అనౌన్స్‌మెంట్ గ్రూపు వాడితే సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు మీద ఆధారపడకండి. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అది చేరదు, అందులో 256 మందికి మించి పట్టరు.

‘తెలీదు’ అనేవాళ్లలో చాలామంది నిజంగానే చూసి ఉండరు. బడి రిజిస్టర్‌లో ఉన్న నంబరు హైదరాబాదులో పనిచేసే తండ్రిది. ఫోన్ చదివేది ఇంటర్ చదివే అన్న. కొందరి రీచార్జ్ అయిపోయి ఉంటుంది. అందుకే జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి ప్రతి పిల్లకూ రెండు నంబర్లు తీసుకోండి. ఒకటి ఇంట్లో రాత్రి ఉండే ఫోన్ అయి ఉండాలి. ఫోన్ లేని ఇళ్ల పేర్లు గోడ మీద కాకుండా మీ డైరీలో ఉంచుకుని, పక్కింటి పిల్లకు ఆ చీటీ అప్పగించండి.

సర్క్యులర్ ఫొటో తీసి పెట్టేయడం మానేయాలి. ఆ పీడీఎఫ్ భాష మనకే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాదు. మెసేజ్‌లో మొదటి వరుస ఏం మారుతోంది, రెండోది ఎప్పటి నుంచి, మూడోది ఇంట్లో ఏం చేయాలి. అంతే. దాని కింద అదే విషయం మీ గొంతుతో 40 సెకన్లు మించని వాయిస్. చదవడం రాని తల్లి అది రెండుసార్లు వింటుంది, పక్కింటావిడకూ వినిపిస్తుంది.

మామూలు ఎస్సెమ్మెస్ పంపితే తెలుగులో ఒక మెసేజ్‌కు 70 గుర్తులే పడతాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో అయితే 160. గుణింతాలకు విడిగా లెక్క పడుతుంది, ‘బడికి’ అన్న మాటకే ఐదు. కాబట్టి ‘రేపు బడి 8 గంటలకే. 12.30కి ఇంటికి. భోజనం బడిలోనే’ అన్నంత పొట్టిగా రాయాలి.

డబ్బు, టీసీ, బడి మార్పు లాంటి పెద్ద సంగతులకు మాత్రం చీటీయే పంపండి. కింద చింపి ఇచ్చే ముక్క ఉండాలి, అందులో పిల్ల పేరు, తల్లిదండ్రుల సంతకం. మూడో రోజుకు తిరిగిరాని ముక్కలు లెక్కపెట్టి ఆ ఇళ్లకు మాత్రమే ఫోన్ చేయండి. అందరికీ ఫోన్ చేయడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: వానలకు రాత్రి పొద్దుపోయాక సెలవు ప్రకటిస్తారు. పొద్దున సగం మంది పిల్లలు వచ్చేస్తారు. ఏం చేయాలి?

జవాబు: కలెక్టర్ ప్రకటన టీవీలో కనిపించినా, మండలం నుంచి ధ్రువీకరణ వచ్చాకే పెట్టండి. పాత సెలవు వార్తల ఫొటోలు వానాకాలంలో మళ్లీ తిరుగుతుంటాయి. మెసేజ్‌లో ‘రేపు’ అని మాత్రమే రాయకండి, వారం, తేదీ రాయండి. రాత్రి పదిన్నరకు పెట్టింది పొద్దున ఆరింటికి చదివినవాళ్లకు ‘రేపు’ ఇంకో రోజు అయిపోతుంది. వంటవాళ్లకు ఆ రాత్రే ఫోన్ చేయాలి, లేకపోతే తెల్లారి బియ్యం నానబెట్టేస్తారు. పొద్దున బడి వేళ నుంచి ఒక గంట గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. వచ్చిన పిల్లను ‘సెలవమ్మా, ఇంటికెళ్లు’ అని వెనక్కి పంపకండి. తల్లి అప్పటికే పొలానికి వెళ్లి ఉంటుంది, దారిలో వాగు ఉండొచ్చు. ఇంటికి ఫోన్ చేసి, ఎవరో వచ్చి తీసుకెళ్లేదాకా కూర్చోబెట్టాలి.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. వాళ్ల టీచరమ్మ బదిలీ అయిందని నెల తర్వాత పాప చెబితే తెలిసింది. కొత్తవాళ్లు రాలేదు. హెచ్‌ఎంను అడిగితే కోప్పడతారేమోనని భయం. అడగొచ్చా?
— ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: నిస్సంకోచంగా అడగండమ్మా. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు పెట్టి పిల్లల హాజరు, చదువు గురించి చెప్పడం టీచర్ల విధి అని విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్‌లోనే ఉంది. విద్యా కమిటీ నెలకు ఒకసారైనా కూర్చోవాలని, ఆ మినిట్స్ అందరికీ అందుబాటులో ఉంచాలని నమూనా నియమాలు చెబుతున్నాయి. మీరు సభ్యురాలు కాకపోయినా ఆ పుస్తకం చూడొచ్చు.

ఒక్కరే వెళ్లడం కష్టమనిపిస్తే అదే తరగతి తల్లులు ఇద్దరిని తీసుకుని, బడి వదిలే వేళకు వెళ్లండి. పొద్దున ప్రార్థన వేళ హెచ్‌ఎంకు తీరిక ఉండదు. మూడే అడగండి: ఇప్పుడు రెండో తరగతికి ఎవరు చెబుతున్నారు, ఖాళీ సంగతి ఎంఈఓకు రాశారా, ఏ తేదీన రాశారు? రాయలేదంటే, వచ్చే విద్యా కమిటీ సమావేశంలో ఈ విషయం పెట్టమని ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, ముగ్గురూ సంతకాలు చేసి ఇవ్వండి. అందినట్టు రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోండి.