బొంగురు గొంతుతో సాధన వద్దు, ముందు పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నా వయసు 38. చెన్నై ఓఎంఆర్‌లో ఉద్యోగం, రోజంతా ఫోన్ కాల్సే. రెండేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను, శ్రుతి (పాటకు ఆధార స్వరం) ఐదు కట్టెలు. తార స్థాయికి, అంటే పై స్వరాలకు వెళ్తే గొంతు పట్టేస్తోంది. రెండు నెలలుగా కాస్త బొంగురు కూడా ఉంది. నవరాత్రి కొలువులో పాడే ముందు పక్కింటావిడ చెప్పిన స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటే బాగా పలికింది. అప్పటి నుంచి పాడాల్సిన రోజల్లా అదే వేసుకుంటున్నాను. పై స్థాయి అందాలంటే రోజుకు ఎన్ని గంటలు సాధన చేయాలి? మిరియాల పాలు మంచివేనా? – ఒక పాఠకురాలు

జవాబు: గంటల లెక్క తర్వాత చూద్దాం. బొంగురు సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకు కంగారు పుట్టించింది అదే. జలుబుతో పోయిన గొంతు మామూలుగా రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఎండోస్కోపీతో (సన్నని కెమెరా గొట్టంతో) స్వరతంత్రులు, అంటే గొంతులో శబ్దం పుట్టించే పొరలు చూపించుకోవాలి. ఓపీలోనే అయిపోయే పరీక్ష, భయం అక్కర్లేదు. అన్నట్టు, 1854లో చిన్న అద్దం పెట్టుకుని తన స్వరతంత్రులను తానే చూసుకున్న మాన్యుయెల్ గార్సియా డాక్టరు కాదు, పాట మాస్టారు.

మీ శ్రుతిలో తార షడ్జమం (పై ‘స’) పలికినప్పుడు తంత్రులు సెకనుకు దాదాపు 390 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. పగలంతా కాల్స్, సాయంత్రం క్లాసు. ఆ తాకిడికి తంత్రుల మీద నాడ్యూల్స్ (కాయల్లాంటి చిన్న గడ్డలు) లేవవచ్చు. పై స్థాయిలో మెల్లగా పాడితే గాలే వచ్చి, గట్టిగా పాడితేనే పలుకుతోందేమో గమనించండి. నాడ్యూల్స్ చాలామందిలో వాయిస్ థెరపీతోనే తగ్గుతాయి. పాలిప్ (తంత్రి మీద పెరిగే మెత్తని కండ) అయితే ఆపరేషన్ అవసరం కావచ్చు. ఎసిడిటీ, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. చూడకుండా ఫలానా అని చెప్పలేను.

ఇక ఆ మాత్ర. పక్కింటావిడకు పడిందని మీరెలా వేసుకున్నారమ్మా? స్టెరాయిడ్ వాపును తాత్కాలికంగా తగ్గిస్తుంది, దెబ్బను మాన్పదు. గొంతు బాగుందనుకుని మీరు ఇంకా గట్టిగా పాడతారు, లోపల ఇంకా దెబ్బతింటుంది. పైగా షుగర్, బీపీ, ఎసిడిటీ పెరగవచ్చు. ఇకపై సొంతంగా వేసుకోవద్దు. వరుసగా కొన్ని వారాలు వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ను అడిగి తగ్గించుకోండి. గొంతు నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని పాడటం కూడా మంచిది కాదు, తంత్రుల్లో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం ఈ మాట చదివి ఆపేయకండి.

పరీక్ష అయ్యేదాకా తార స్థాయి జోలికి వెళ్లొద్దు. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి అనుకుంటారు, కాదు. మామూలు గొంతుతో తక్కువ మాట్లాడండి. డాక్టర్ సరేనన్నాక మంద్ర (కింది), మధ్య స్థాయిల్లో సరళీ వరసలు (తొలి స్వర పాఠాలు), అకార సాధన (‘ఆ’ అంటూ పాడటం) పది పదిహేను నిమిషాల చొప్పున, మధ్యలో ఆగి చేయండి. స్ట్రాలోకి ఊదుతూ స్వరం పలికే అభ్యాసం థెరపిస్ట్ నేర్పిస్తారు, అది తంత్రుల మీద భారం తగ్గిస్తుంది. శ్రుతి అర కట్టె దించుకుంటే నామోషీ ఏమీ లేదు, మీ గురువుగారిని అడగండి.

మిరియాల పాలు తాగండి, హాయిగా ఉంటుంది. కానీ అవి వెళ్లేది అన్నవాహికలోకి, స్వరతంత్రుల మీదకు కాదు. అతిమధురం మాత్రం రోజూ నమలకండి, బీపీ పెరగవచ్చు.

మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా అదే రోజు వెళ్లాలి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా ఆ మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లండి, దాచకుండా చూపించండి.