నాన్న హోటల్ మూసేశారు, ఆ వీధి వైపే వెళ్లడం లేదు

ప్రశ్న: మాది గోదావరి జిల్లాల్లో ఓ చిన్న పట్నం. బస్టాండ్ ఎదురుగా నాన్న 38 ఏళ్లు టిఫిన్ హోటల్ నడిపారు. ఆయనకిప్పుడు 70. మోకాళ్లు అరిగిపోయాయి. స్థలం ఓనరు బిల్డింగ్ కడతానన్నారు. దాంతో సంక్రాంతి వెళ్లాక మూసేశారు. ఒకప్పుడు పన్నెండు మంది పనిచేసేవారు, చివరికి ఆరుగురు మిగిలారు. 26 ఏళ్లుగా ఉన్న వంట మాస్టర్ చేతిలో పదివేలు పెట్టి పంపించాం. మూణ్నెల్లయింది. నాన్న రాత్రి తొమ్మిదికి పడుకుని మూడింటికే లేచి, వంటింట్లో లైటు వేసుకుని కూర్చుంటున్నారు. ఎవరితోనూ సరిగ్గా మాట్లాడరు. బస్టాండ్ వైపు అస్సలు వెళ్లరు. మందులకు కూడా చెరువుగట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. అమ్మ ‘ఇన్నాళ్లు చేసింది చాలు, కూర్చోండి’ అంటుంది. బావగారు మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చిచ్చారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లూ ‘నువ్వుండి ఉంటే మూతపడేదా’ అంటున్నారు. ఉద్యోగం మానేసి హోటల్ మళ్లీ తెరుద్దామనుకుంటున్నా. నా భార్య ససేమిరా అంటోంది. రోజూ గొడవే. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అడిగింది హోటల్ తెరవాలా వద్దా అని. దానికి జవాబు చెప్తాను. కానీ మీ ఉత్తరం చదువుతూ నేను ఆగింది అక్కడ కాదు, మాస్టర్ దగ్గర. అన్నీ వివరంగా రాసిన మీరు, 26 ఏళ్లు పొయ్యి ముందు నిలబడిన మనిషిని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన సంగతికి మళ్లీ వస్తాను.

ముందు ఆ నిద్రమాత్రలు. డాక్టర్ చూడకుండా తెచ్చినవి వద్దండీ. డెబ్బై ఏళ్లాయన, పైగా మోకాళ్లు బాగాలేవు. మాత్ర మత్తులో రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడితే, తుంటి విరిగితే, అది మరో పెద్ద కష్టం. ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో మీరు రాయలేదు. వారాల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మాన్పించకండి. ఆ మాత్రల షీట్ పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించి, ఎలా ఆపాలో అడగండి.

అసలు మూడింటికి లేవడం జబ్బని ఎవరన్నారు? తొమ్మిదికి పడుకుని మూడింటికి లేస్తే ఆరు గంటల నిద్ర. 38 ఏళ్లుగా ఆయన లేచే టైమే అది. ఆ ఇంట్లో పుట్టిన మీకు తెలుసు గానీ, చదివేవాళ్ల కోసం చెప్తున్నాను. మొదటి బస్సు డ్రైవర్ వచ్చి కూర్చునేసరికి ఇడ్లీ వాయి దిగి ఉండాలి. అంటే తెల్లవారకముందే పొయ్యి వెలగాలి. అంతకన్నా ముందు పిండి గిన్నె మూత తీసి చూడాలి. మే నెలలో అది పొంగి గట్టు మీదికి కారి ఉంటుంది, డిసెంబర్‌లో వేసింది వేసినట్టే ఉంటుంది. చెయ్యి పెట్టి ఒక్కసారి కలిపితే చాలు, ఇవాళ ఇడ్లీ ఎలా వస్తుందో తెలిసిపోతుంది. ఆ తర్వాత కొబ్బరి, పల్లీలు, పెసరట్టుకి నానిన పెసలు, అల్లం పచ్చడి. ఆ రెండు గంటల్లో మనిషికి వేరే ఆలోచనకి సందుండదు. ఇప్పుడూ ఒళ్లు అదే టైముకి లేస్తోంది. చేతులకే పని లేదు.

నా దగ్గరకు వచ్చిన ఒక రిటైర్డ్ లైన్‌మన్ ఉండేవారు. ఉద్యోగం అయిపోయి రెండేళ్లయినా, గాలివాన మొదలైతే చాలు, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేవారట. ఇంట్లోవాళ్లు నవ్వేవారు. నాకైతే నవ్వు రాలేదు.

మీ అమ్మగారు ప్రేమతోనే ‘కూర్చోండి’ అంటున్నారు. కానీ ఆయనకి చేతకానిది అదొక్కటే. వారంలో రెండు రోజులు ఇంట్లో పిండి ఆయన్నే రుబ్బనివ్వమని, టిఫిన్ ఆయన్నే వేయనివ్వమని అమ్మగారికి చెప్పండి. పొయ్యి దగ్గర ఎత్తు స్టూల్ ఒకటి వేస్తే మోకాళ్లకీ ఇబ్బంది ఉండదు. నలుగురికి చేసే చెయ్యి కాదు కాబట్టి మొదట్లో పిండి మిగిలిపోతుంది. పక్కింటికి పంపండి, ఏం పర్లేదు.

మీరు కనిపెట్టాల్సింది లేచే టైముని కాదు. తిండి తగ్గిందా, బట్టలు వదులయ్యాయా, స్నానం చేయమని చెప్పాల్సి వస్తోందా, మనవలు వచ్చినా మొహంలో మార్పు లేదా? ఇలాంటివి రెండు వారాలు దాటి అలాగే ఉంటే సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ఊళ్లో ఎవరూ లేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, ఏ వేళప్పుడైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ‘నేనుండి ఎవరికి లాభం’ లాంటి మాట ఆయన నోట వస్తే మాత్రం ఆ రోజు ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ ఉద్యోగం. మానేయకండి. ఉత్తరమంతా వెతికాను, హోటల్ నడపమని నాన్నగారు మిమ్మల్ని అడిగినట్టు ఎక్కడా లేదు. అడిగింది ఊరు. 2020లో మార్చి చివర మూసిన హోటళ్లలో జూన్ 8 దాకా కూర్చుని తినే వీల్లేదు. అలాంటి రోజుల్ని కూడా దాటుకొచ్చిన మనిషి, ఇక చాలనుకున్నప్పుడు ఆపారు. అది ఆయన తీసుకున్న నిర్ణయం. మీ తప్పు కింద రాసేసుకుని దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకోకండి. నిజంగా నడపాలని మీకే ఉంటే అది వేరే మాట. అప్పుడు కూడా ముందు భార్యతో కూర్చుని కాగితం మీద రాయండి. కొత్త చోట అడ్వాన్సు, అద్దె, నెలకి ఎన్ని 19 కిలోల సిలిండర్లు, మినప్పప్పు, జీతాలు, హైదరాబాద్ ఇంటి ఈఎంఐ ఉంటే అదీ. అన్నింటికన్నా ముందు, తెల్లవారుజామున నాలుగింటికి షట్టర్ ఎత్తేదెవరు? ఆ లైనులో ఎవరి పేరు రాయాలో తేలేదాకా మీ భార్య వద్దనడం మొండితనం కాదు. ఆ ఇంట్లో ఇప్పుడు లెక్క వేస్తున్నది ఆవిడొక్కరే.

ఊళ్లోవాళ్ల మాటకి వాదన పెట్టుకోకండి. వాళ్లకీ ఏదో పోయింది. పొద్దున్నే పేపర్ చదువుకునే బల్ల పోయింది, డబ్బుల్లేని రోజు ‘రాసుకోండి’ అనే చోటు పోయింది. చివరి ఏడాది వీళ్లలో ఎంతమంది వచ్చి తిన్నారని అడగాలనిపిస్తుంది. నాకే అనిపిస్తోంది! అడగొద్దు. ‘నిజమేనండీ. నాన్న ఇంట్లోనే ఉంటున్నారు, ఓసారి వచ్చి పలకరించండి’ అనండి. పదిమందిలో ఇద్దరు వస్తారు. ఆ ఇద్దరే కావాలి.

హోటల్‌కి తాళం వేశారు గానీ కాగితాల మీద మూసినట్టు లేదు. కమర్షియల్ గ్యాస్ కనెక్షన్ వెనక్కిస్తే డిపాజిట్ వస్తుంది. కరెంటు మీటర్ తీయించకపోతే వాడకపోయినా బిల్లు వస్తూనే ఉంటుంది. జీఎస్టీ ఉంటే రద్దు చేయించి, ఆ తర్వాత మూడు నెలల్లో చివరి రిటర్న్ వేయాలి. ఫుడ్ లైసెన్స్ సంగతీ చూడాలి. వీటిలో కొన్ని మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లోనే చేసేయగలరు. చేయకండి. వారం సెలవు పెట్టి వెళ్లి, నాన్నగారిని వెంటబెట్టుకుని ఒక్కో ఆఫీసుకీ తిరగండి. సంతకం ఆయన్నే పెట్టనివ్వండి. సంతకం అయ్యాక బయట టీ కొట్టు దగ్గర ఆయన ఏదో ఒకటి అంటారు. మధ్యలో అందుకోకుండా వినండి.

ఇప్పుడు మాస్టర్. ఇది నా అనుమానమే, తప్పయినా కావచ్చు. నాన్నగారు తప్పించుకు తిరుగుతున్నది మూతపడిన షట్టర్‌ని కాదేమో. మాస్టర్ ఇప్పుడెక్కడ ఉన్నారో కనుక్కోండి. ఆ బస్టాండ్ దగ్గరే ఏ బండి మీదో దోసెలు పోస్తుంటే, చెరువుగట్టు దారి ఎందుకో మీకే అర్థమవుతుంది.

పదిమంది, అంతకు మించి పనిచేసిన చోట ఐదేళ్లు దాటిన మనిషికి గ్రాట్యుటీ, అంటే పని ఆగిపోయినప్పుడు యజమాని కట్టివ్వాల్సిన డబ్బు, హక్కు. ఒకసారి వర్తించాక, తర్వాత సంఖ్య పది కన్నా తగ్గినా అది పోదు. మీ హోటల్లో ఒకప్పుడు పన్నెండు మంది ఉండేవారన్నారు కాబట్టి లాయర్‌నో లేబర్ ఆఫీసులోనో అడగండి. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలకి 26 పనిదినాల లెక్కన కడతారు. నెలకి 18 వేల జీతం అనుకుంటే 26 ఏళ్లకి 2,70,000. మీరిచ్చింది పదివేలు. మిమ్మల్ని తిట్టడానికి చెప్పడం లేదు, చిన్న హోటళ్లలో చాలామందికి ఈ లెక్క ఉందనే తెలియదు. మీ నాన్నగారికి చట్టం తెలియకపోవచ్చు, ఇచ్చింది తక్కువని మాత్రం తెలిసే ఉంటుంది. హోటల్ పెట్టడానికి మీరు దాచిన డబ్బు కొంత ఉండే ఉంటుంది కదా, ముందు ఇక్కడ వాడండి. ఒక్కసారే ఇవ్వలేకపోతే ఎంతెంత, ఎప్పుడెప్పుడు అనేది మాస్టర్‌తోనే మాట్లాడుకోండి. మిగతా ఐదుగురి లెక్క కూడా చూడండి.

డబ్బు ఫోన్‌లో పంపొద్దు. మీరిద్దరూ కలిసి వెళ్లండి. నాన్నగారు మొదట రానంటారు, ఆ రోజుకి ఊరుకుని మర్నాడు మళ్లీ అడగండి. వెళ్లేది మాత్రం పదకొండు దాటాకే. అంతకు ముందైతే మాస్టర్ పెనం వదిలి రాలేరు.