ఊయల మీద కప్పుకు ఏ బట్ట? మన వానలకైతే సిల్‌పాలీ

గుంటూరు నుంచి వీపు సంచులతో నడకకు వెళ్లి చెట్ల మధ్య ఊయల కట్టుకుని పడుకుంటామని, పైన కప్పుకు తేలికైన బట్ట ఏదో చెప్పమని అడిగారు. దుకాణంలో 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) టార్పాలిన్ పట్టా చాలన్నారని, ఆన్‌లైన్‌లో సిల్‌నైలాన్, సిల్‌పాలీ, డైనీమా అని మూడు పేర్లు కనిపించాయని రాశారు. నేను విజయవాడలో ఉంటాను, ఏళ్లుగా వానాకాలంలోనే ఎక్కువగా తిరుగుతున్నాను. నా మాట వింటే రెండు వైపులా సిలికాన్ పూత ఉన్న 20 డెనియర్ (దారం మందపు కొలత) పాలిస్టర్, అంటే సిల్‌పాలీ తీసుకోండి.

బరువు లెక్క సులభం. పొడవు, వెడల్పు పదేసి అడుగులున్న కప్పు సుమారు 9.3 చదరపు మీటర్లు. 120 జీఎస్‌ఎం పట్టా అంత కొలతలో 1.1 కిలోలు తూగుతుంది. కల్లంలో మిర్చి మీద కప్పే మందపాటి 250 జీఎస్‌ఎం రకమైతే 2.3 కిలోలు. పూతతో కలిపి 45 జీఎస్‌ఎం ఉండే సిలికాన్ బట్ట 420 గ్రాములే. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. 20 డెనియర్ దారం ఎంత సన్ననిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అయినా చిరుగుతుందని భయపడకండి. రిప్‌స్టాప్ నేతలో మధ్యమధ్య మందపాటి దారాలు గళ్లుగా వస్తాయి, చిరుగు మొదలైనా వాటి దగ్గర ఆగుతుంది.

సిల్‌నైలాన్ అంటే ఇదే పూత ఉన్న నైలాన్. దానికీ పాలిస్టర్‌కూ అసలు తేడా తడిసినప్పుడు తెలుస్తుంది. మామూలు గాలిలోనే నైలాన్ తన బరువులో దాదాపు 4 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతమే. తేమ ఎక్కిన కొద్దీ నైలాన్ సాగుతుంది. ఒక ఆగస్టులో మారేడుమిల్లి వైపు వెళ్లినప్పుడు నా మిత్రుడి సిల్‌నైలాన్ కప్పు సాయంత్రం తబలా చర్మంలా బిగిసి ఉంది. అర్ధరాత్రికి మధ్యలో వేలాడి అతని ఊయలను తాకింది. వానలో లేచి తాళ్లు బిగించాడు. పొద్దున ఎండ తగలగానే అదే బట్ట ముడుచుకుని నేలలో దిగ్గొట్టిన మేకులను లాగేసింది. పక్కనే నా పాలిస్టర్ కప్పును రాత్రంతా ముట్టుకోనవసరం రాలేదు. అల్పపీడనం పట్టి రెండు రోజులు వదలని మన కోస్తా ముసుర్లలో ఈ ఒక్క గుణం ముందు మిగతావన్నీ చిన్నవే అంటాను. పైగా పాలిస్టర్ ఎండను కూడా నైలాన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. న్యాయంగా చెప్పాలంటే, అదే మందంలో నైలాన్ చిరుగును ఎక్కువ తట్టుకుంటుంది. మీ దగ్గర ఇప్పటికే నైలాన్ కప్పు ఉంటే పారేయకండి. మూలల తాళ్లకు సాగే రబ్బరు తాడు ముక్కలు కలపండి, వదులైన మేరకు అవే లాగుతాయి.

డైనీమా కాంపోజిట్, అంటే చాలా గట్టి పాలిథిన్ పోగులను పల్చటి పొరల మధ్య అతికించిన బట్ట, మొదట పోటీ పడవల తెరచాపల కోసం పుట్టింది. నీరు పీల్చదు, సాగదు, చదరపు మీటరు 25 గ్రాముల రకం కూడా దొరుకుతుంది. కానీ ధర చాలా ఎక్కువ, కొమ్మకు రాచుకుంటే త్వరగా పాడవుతుంది, మడిచినా ఎక్కువ చోటు తీసుకుంటుంది. నెలల తరబడి నడిచేవారికి ఆ ఖర్చు సబబే. శని, ఆదివారాల నడకకు మాత్రం ఆ డబ్బు మంచి బూట్ల మీద పెట్టమంటాను.

బట్ట కొని కుట్టించుకోవాలనుకుంటే జాగ్రత్త. విజయవాడ వన్‌టౌన్ కొట్లలో పారాచూట్ బట్ట అని ఇచ్చేది చాలాసార్లు ఒక వైపే పాలీయురిథేన్ పూత పూసినది. మన వేడికి, ఉక్కకు అటక మీద పడేస్తే ఆ పూత కొన్నేళ్లలో జిగటగా మారి పొరలుగా ఊడుతుంది. పేరు ఏదైనా ముక్క అడిగి తెచ్చుకోండి. నోరు ఆనించి గట్టిగా ఊదితే గాలి దాటకూడదు. గిన్నె మీద బిగించి నీళ్లు పోసి, అడుగు నుంచి వేలితో రుద్దితే చెమ్మ తగలకూడదు. దారం పోగు కాల్చి చూడండి: నల్లటి మసిపొగ వచ్చి నల్లగా గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. ఆన్‌లైన్‌లో అయితే నీటి ఒత్తిడి అంకె చూడండి, అంటే బట్ట కారకుండా ఎంత ఎత్తు నీటిని ఆపగలదో చెప్పేది. 1,500 మిల్లీమీటర్లు కనీసం, మన వానలకు 2,000 దాటితే నిశ్చింత.

ఈ బట్టలు సాధారణంగా అయిదడుగుల పన్నాతో వస్తాయి కాబట్టి రెండు ముక్కలు కలిపి కుట్టాలి, ఆ కుట్టు సరిగ్గా మీ నెత్తి మీద నడిమి వెన్నులో వస్తుంది. సన్నటి సూది, పాలిస్టర్ దారం వాడమని, అంచులు ఒకదానిలోకి ఒకటి మడిచి రెండు వరసలు కుట్టమని దర్జీకి చెప్పండి. నూలు దారం కుళ్లిపోతుంది. కుట్టు మీద సిలికాన్ సీలెంట్ పల్చగా పూయండి. కుట్ల మీద అంటించే మామూలు సీమ్ టేపు సిలికాన్ మీద అంటుకోదు.

చేతిలో డబ్బు తక్కువైతే ఈ ఏడాదికి పల్చటి పట్టాతోనే కానివ్వండి, తాళ్ల ముడులు, కప్పు కట్టే కోణాలు దాని మీదే నేర్చుకోవచ్చు. నేను నూజివీడు దగ్గర బంధువుల మామిడి తోటలో అలాగే నేర్చుకున్నాను. నల్లమల వైపు మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస చేయకండి, అది పులుల అభయారణ్యం.

10 అడుగుల ఊయలను సరైన వంపుతో కడితే రెండు చివరల మధ్య దూరం 8 అడుగుల పైచిలుకు ఉంటుంది, దానికి 10 అడుగుల కప్పు చాలు. 11 అడుగుల ఊయలైతే కప్పు కూడా 11 అడుగులు ఉండాలి. మీ ఊయల పొడవు రాస్తే ఎన్ని మీటర్ల బట్ట కొనాలో లెక్క వేసి చెబుతాను.