నైజీరియాలో గాస్పెల్ సంగీతం, అంటే క్రైస్తవ భక్తి గీతాల సంగీతం, ఇంతగా ఎలా పెరిగింది?

అసలు మలుపు భాష దగ్గర వచ్చింది. మిషనరీల కాలంలో ఇంగ్లిష్ కీర్తనల బాణీల్లోనే అక్కడి పెద్ద భాషల్లో ఒకటైన యొరూబా మాటలు పెట్టి పాడించేవారు. యొరూబాలో స్వరం మారితే అర్థమే మారిపోతుంది: 'ఒకో' అన్న మాటకు ఒక స్వరంలో భర్త అని, ఇంకో స్వరంలో పార అని అర్థం. పరాయి బాణీలో ఆ పాట ఎంత ఇబ్బందిగా వినిపించేదో ఊహించండి! అందుకే పాస్టర్ జోసయా రాన్సమ్-కుటి సొంత బాణీలు కట్టారు, 1922లో లండన్‌లో రికార్డు చేశారు. ఆయన ప్రసిద్ధ నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటికి తాతగారు. తర్వాత ప్రార్థనకు పెద్దపీట వేసే స్థానిక అలదురా చర్చిలు డప్పులు, చప్పట్లు ఆరాధనలోకి తెచ్చాయి.

1970లో అంతర్యుద్ధం ముగిశాక యువతలో ఉజ్జీవం (భక్తి ఉద్యమం) వచ్చింది, పెంతెకోస్తు చర్చిలు పెరిగాయి. నా దృష్టిలో ఆ చర్చి క్వైర్లే అసలైన సంగీత పాఠశాలలు.

ఇక ఫోన్లు వచ్చాక హద్దు లేదు. 2017 జూన్‌లో గాస్పెల్ గాయకుడు నథానియేల్ బాసీ అర్ధరాత్రి ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో ఆరాధన మొదలుపెడితే జనం నిద్ర మానుకుని కలిశారు. గాయని సినాచ్ 2015లో విడుదల చేసిన 'వే మేకర్' పాట 2020లో అమెరికాలో క్రైస్తవ సంగీతానికి ఇచ్చే డవ్ అవార్డు గెలిచింది.