మేనమామ దగ్గర కరెంటు పని నేర్చినవాడికి ఐటీఐ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి పది పాసయ్యాడు, ఇంటర్ మధ్యలో మానేశాడు. రెండేళ్లుగా మా తమ్ముడి వెంట ఇళ్ల వైరింగ్ పనికి వెళ్తున్నాడు. స్లాబు పైపింగ్ నుంచి స్విచ్ బోర్డు దాకా అన్నీ చేస్తున్నాడు. ఇప్పుడు ఐటీఐలో చేరతానంటున్నాడు. మా తమ్ముడేమో "పని వచ్చినోడికి సర్టిఫికెట్ ఎందుకక్కా, రెండేళ్ల కూలి పోగొట్టుకోవడం తప్ప" అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మిర్యాలగూడ

అమ్మా, చేర్చండి. అయితే మీ తమ్ముడి మాటలో సగం నిజముంది. ఐటీఐ నుంచి నేరుగా వచ్చే కుర్రాళ్లలో చాలామందికి గోడకు గాడి కొట్టడం, వంపులున్న పైపులోంచి స్ప్రింగ్ వేసి వైర్లు లాగడం చేతకాదు. మీవాడికి ఆ చెయ్యి తిరిగింది. దాని విలువ దానిది.

మిగతా సగం సంగతి చూద్దాం. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది కాబట్టి వైరింగ్ బాగుందని ఇంటాయన డబ్బులిచ్చేస్తాడు. ఏదైనా తేడా వచ్చిన రోజున ఆ వైరింగ్ మనిషిని కాపాడుతుందా లేదా అన్నది ఆయనకు కనిపించదు. చేసినవాడికి తెలియాలి. మీ అబ్బాయినీ తమ్ముడినీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న అడగండి: లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ వైరు లేని పాత ఇంట్లో ఫ్రిజ్‌కు మూడు పిన్నుల సాకెట్టు పెట్టమంటే ఏం చేస్తారు? సాకెట్టు వెనకే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్త్ పిన్నుకు కలిపేసేవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. ఆ రోజుకు ఫ్రిజ్ చల్లగానే నడుస్తుంది. ఎప్పుడో మెయిన్ బోర్డు దగ్గర న్యూట్రల్ ఊడిందనుకోండి, ఫ్రిజ్ మోటారు గుండా వచ్చిన ఫేజ్ కరెంటు ఆ ముక్క మీదుగానే ఇనప బాడీకి ఎక్కుతుంది. తలుపు తీయబోయిన మనిషికి షాక్ కొడుతుంది.

ఇంకో ప్రశ్న. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) మీద టెస్ట్ బటన్ నొక్కితే పడిపోయింది, కాబట్టి ఎర్తింగ్ బాగున్నట్టేనా? కాదు. ఆ బటన్ లీకేజీలాంటి తేడాను లోపలే పుట్టిస్తుంది. ఇంటికి ఎర్త్ గుంతే తవ్వకపోయినా అది పడుతుంది. 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట పడిపోయే స్విచ్చు) మాటిమాటికీ పడిపోతోందని, వైరు మార్చకుండా 32 పెట్టడం కూడా ఇలాంటిదే. అప్పుడు ఎంసీబీకి బదులు గోడలో వైరు కాలుతుంది. ఈ మూడింటికీ 'ఎందుకు' అన్నది చెప్పగలిగితే మీవాడికి సగం ఐటీఐ అయిపోయినట్టే. తడబడితే మాత్రం తప్పకుండా చేరాలి.

ఇక చట్టం. 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. 1956 నాటి రూల్స్ నుంచీ అసలు విషయం ఒకటే. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి తీసి అలాంటివే బిగించడం ఎవరైనా చేసుకోవచ్చు. కొత్త వైరింగ్, ఉన్నదానికి అదనంగా కలపడం, మార్చడం మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరే చేయించాలి. కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ పక్కనుండి చూడాలి. చేసేవాడికి పర్మిట్ ఉండాలి. లైసెన్సు, సర్టిఫికెట్, పర్మిట్ మూడూ వేర్వేరు కాగితాలు, మూడూ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేవే. పల్లెల్లో ఇవన్నీ ఎవరు చూస్తారంటారా? ఒప్పుకుంటాను, చాలాచోట్ల చూడరు. ప్రమాదం జరిగి ఎవరైనా పోయిన రోజున మాత్రం చూస్తారు. అప్పుడు వైరు కలిపిన చెయ్యి మీవాడిదే అయితే, చూపించడానికి ఒక కాగితమైనా ఉండాలి కదా.

ఏ ట్రేడ్ అంటే, వైర్‌మన్ కాకుండా ఎలక్ట్రీషియన్ తీసుకోమనండి. రెండూ రెండేళ్లవే. ఎలక్ట్రీషియన్‌కు పది పాసై ఉండాలి, అది మీవాడికి ఉంది. ఇళ్ల వైరింగ్‌తో ఆగకుండా మోటార్లు, ప్యానెల్ బోర్డుల దాకా నేర్పిస్తారు. డిస్కముల్లో (కరెంటు సరఫరా చేసే సంస్థల్లో) జూనియర్ లైన్‌మన్ ఉద్యోగానికి పదితోపాటు ఈ ఐటీఐ అడుగుతారు, స్తంభం ఎక్కే పరీక్ష కూడా పెడతారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ అనే కేంద్ర సోలార్ పథకం పుణ్యమా అని ఇళ్ల మీద సోలార్ పని కూడా పెరిగింది. గల్ఫ్ ఆలోచన ఉంటే ఒక్క మాట: సౌదీ ఇప్పుడు ఎలక్ట్రీషియన్లకు ఇక్కడే నైపుణ్య పరీక్ష పెట్టి, పాసైతేనే వీసా ఇస్తోంది. మామ దగ్గర నేర్చానంటే ఆ పరీక్ష గదిలో చెల్లదు.

కూలి సంగతికి వస్తే, ఆదివారాలు, సెలవుల్లో మామతో పనికి వెళ్లకుండా ఎవరూ ఆపరు. చదువు అయ్యాక అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండ్ వస్తుంది. ఐటీఐ పాసయ్యాడని పర్మిట్ దానంతటదే రాదు. దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. ఏ కాగితాలు కావాలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో ఇప్పుడే ఒకసారి కనుక్కుని రమ్మనండి.

మీ తమ్ముడికీ ఒక దారి ఉంది. అనుభవమున్న పనివాళ్లు ప్రైవేటు అభ్యర్థులుగా ఐటీఐ వాళ్లు రాసే ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాయొచ్చు. ఈలోగా ఆయన సంచిలో మెగ్గర్ (వైరు తొడుగు గట్టిగా ఉందో లేదో కొలిచే మీటరు) ఉందో లేదో చూడండి. వైరింగ్ పూర్తయ్యాక కరెంటు ఇవ్వకముందే, 500 వోల్టుల మెగ్గర్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే కనీసం 1 మెగోమ్ చూపించాలి. టెస్టర్ ఒక్కటే ఉందంటే, ఇన్నాళ్లూ కట్టిన ఇళ్లలో ఆ కొలత ఎవరూ తీయలేదన్నమాట.