ప్యానెల్ ఏసీ కొనే ముందు వేయాల్సిన లెక్క

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పల్నాడులోని మీ సిమెంటు ఫ్యాక్టరీకి కొత్త డ్రైవ్ ప్యానెళ్లు (మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్‌లు ఉండే రేకు బీరువాలు) వస్తున్నాయనీ, ఒక్కోదానికి అర టన్ను ఏసీ సరిపోతుందా అనీ అడిగావు. టన్నుల లెక్క గదులకు అలవాటైనది. ప్యానెల్‌కు వాట్లలో లెక్క వేయాలి, అదీ ఏడాదిలోకెల్లా మండిపోయే రోజును దృష్టిలో పెట్టుకుని వేయాలి.

ముందుగా లోపల పుట్టే వేడిని కూడుకో. 30 కిలోవాట్ల డ్రైవ్ పూర్తి లోడు మీద సుమారు 3 శాతం, అంటే 900 వాట్లు, వేడిగా వదులుతుంది. తయారీదారు పత్రంలో నష్టం అంకె ఉంటే దాన్నే తీసుకో. పవర్ సప్లై, కాంటాక్టర్లు (కరెంటు కలిపి విడదీసే స్విచ్‌లు), పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరు) కలిపి మరో 200 అనుకుంటే మొత్తం 1,100 వాట్లు. ఇక గోడల సంగతి. 2 మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు ఉండి, వీపు గోడకు ఆనుకున్న రేకు ప్యానెల్‌కు లెక్కలోకి వచ్చే ఉపరితలం 5 చదరపు మీటర్ల పైచిలుకు. ఒక్క డిగ్రీ తేడాకు ప్రతి చదరపు మీటరు గుండా దాదాపు 5.5 వాట్లు దాటుతాయి. కాబట్టి బయట 45, లోపల 35 డిగ్రీలు ఉన్నప్పుడు సుమారు 280 వాట్లు బయటి నుంచి లోపలికి వస్తాయి. జనవరిలో అవే గోడలు వేడిని బయటికి పంపి సాయపడతాయి. చలికాలంలో పరీక్షించి బాగుందనుకున్న ప్యానెల్ మే నెలలో ట్రిప్ కావడానికి కారణం ఇదే.

మొత్తం 1,380 వాట్లు తేలింది కదా అని లేబుల్ మీద 1,500 కనిపించగానే కొనకు. సాధారణంగా ఆ అంకె లోపలా బయటా 35 డిగ్రీలు ఉన్నప్పటిది. లోపల 35, బయట 50 ఉన్నప్పుడు ఎంత ఇస్తుందో పక్కనే వేరే అంకె ఉంటుంది, అది తక్కువగా ఉంటుంది. కాస్త మిగులు కలుపుకుని నీకు కావలసిన 1,500 వాట్లు ఆ రెండో అంకెలో కనిపించాలి. అలాగని రెట్టింపు సామర్థ్యం తీసుకుంటే కంప్రెసర్ క్షణక్షణానికీ ఆగుతూ మొదలవుతూ త్వరగా అరిగిపోతుంది.

అన్నిటికన్నా నేను నొక్కి చెప్పదలచింది సెట్టింగ్ గురించి. ప్యానెల్‌ను 35 డిగ్రీల వద్ద ఉంచు. చాలా డ్రైవ్‌లు 40 వరకు పూర్తి సామర్థ్యంతో పనిచేస్తాయి. డ్రైవ్‌లోని కెపాసిటర్ల ఆయుష్షు వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకు సగమవుతుందన్నది నిజమే, అయినా 20 డిగ్రీలకు దించడం దానికి మందు కాదు. ఆగస్టులో బయటి గాలి 32 డిగ్రీల వేడితో, 75 శాతం తేమతో ఉంటే, 27 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ప్రతి లోహం మీదా నీరు పడుతుంది. నేను పనిచేసిన ఒక చోట ఆపరేటర్లు 20కి దించి, తలుపు తెరిచి మరమ్మతు చేసి, తుడవకుండానే మూసి కరెంటు ఇచ్చారు. డ్రైవ్ కాలిపోయింది, కిల్న్ (సిమెంటు బట్టీ) ఆగింది. ఆ రోజు నేను అక్కడే ఉండి ఆపలేకపోయినందుకు నేటికీ బాధగా ఉంటుంది. అందుకే తలుపు తెరవగానే ఏసీ ఆగిపోయేలా డోర్ స్విచ్ పెట్టించడం మరువకు.

ఫ్యాను, ఫిల్టరుతో సరిపెట్టమని కొందరు సలహా ఇస్తారు. బయటి గాలే 45 డిగ్రీలున్నప్పుడు, అందులో సిమెంటు ధూళి కూడా ఉన్నప్పుడు, అది మీ దగ్గర పనికిరాదు. కేబుళ్లు వచ్చే గ్లాండ్ ప్లేటులో ఖాళీ రంధ్రం ఒక్కటి మిగిలినా ధూళీ తేమా లోపలికి చేరతాయి, వాటిని ముందే మూయించు. డ్రైవ్ తన వేడి గాలిని పైకి తోస్తుంది గనుక, ఏసీ చల్లగాలి దానికి ఎదురుగా కొట్టకుండా, డ్రైవ్ గాలి పీల్చుకునే కింది వైపుకు చేరేలా అమర్చాలి. నీరు పోయే డ్రెయిన్ పైపు ఎక్కడా మడత పడకూడదు. ఏసీ బయటి గాలి పీల్చుకునే వైపున్న కండెన్సర్ ఫిల్టరును మీ ధూళిలో వారానికొకసారైనా చూడాలి.

డ్రైవ్‌ల జాబితా, ప్యానెల్ కొలతలు పంపు. ఆర్డరు పెట్టే ముందు నేను ఒకసారి చూస్తాను.

నీ మామయ్య