తుప్పు సంగతి తర్వాత, ముందు ట్రాక్టర్ చూపించు

తమ్ముడూ, హర్యానా పింజోర్‌లో మూతబడ్డ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ ఫ్యాక్టరీ మీద నువ్వు పంపిన వ్యాసం డ్రాఫ్ట్ చదివా. భాష బాగుంది, అందులో డౌట్ లేదు, కానీ మొదటి రెండు పేజీలూ తుప్పు పట్టిన గేటు, పగిలిన అద్దాలు, గోడెక్కిన తీగలు, ఇవే కదా, మూతబడ్డ ఏ ఫ్యాక్టరీకైనా అతికించేయొచ్చు, చక్కెర మిల్లు అన్నా నమ్మేస్తారు.

మనోళ్ళకి హెచ్‌ఎంటీ అంటే వాచీ, లేకపోతే సన్నబియ్యం. అందుకే ట్రాక్టర్ ముందు కనపడాలి. 1971లో చెకోస్లొవేకియా ట్రాక్టర్ కంపెనీ జెటార్ వాళ్ళ టెక్నాలజీతో 25 హార్స్‌పవర్ బండితో మొదలెట్టారు, మోడల్ 2511. తర్వాత 3522, 5911 వచ్చాయి. ఆ నంబర్లో మొదటి రెండంకెలు చూస్తే చాలు, ఎన్ని హార్స్‌పవరో సుమారుగా తెలిసిపోతుంది, కేజ్‌వీల్స్ (ఇనుప చక్రాలు) వేసి దమ్ము చేయడానికి ఏది లాగుద్ది, ఉత్త ట్రక్కు (ట్రైలర్) లాగడానికి ఏది సరిపోద్ది అని రైతు అక్కడే లెక్కేసుకుంటాడు. ఇది రాయి, తీగలు తీసెయ్.

ఇంకోటి, "ప్రభుత్వ కంపెనీ కాబట్టి మునిగింది" అని ఒక్క లైన్లో తేల్చేశావ్. మరి స్వరాజ్ ట్రాక్టర్ల సంగతేంటి? దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ సీఎంఈఆర్ఐలో మన ఇంజనీర్లే డిజైన్ చేసిన ట్రాక్టర్ ఉండగా కేంద్రం హెచ్‌ఎంటీకి జెటార్‌నే ఖాయం చేసింది, ఆ దేశీ డిజైన్‌ని పంజాబ్ సర్కారు పట్టుకుని మొహాలీలో కంపెనీ పెట్టి 1974లో స్వరాజ్ 724 దింపింది. రెండూ చండీగఢ్ చుట్టుపక్కలే, రెండూ సర్కారు మొదలెట్టినవే, మొహాలీది 2007లో మహీంద్రా చేతికెళ్ళి ఇప్పటికీ నడుస్తోంది, పింజోర్ ట్రాక్టర్ల డివిజన్‌ని 2016 అక్టోబర్లో కేంద్ర కేబినెట్ మూసేయమంది. ఎందుకిలా అన్నదే నీ వ్యాసం, జవాబు పూర్తిగా దొరక్కపోయినా పర్లేదు, ప్రశ్న మాత్రం గట్టిగా అడుగు.

కార్మికుల గురించి "కన్నీళ్ళు" అని మూడుసార్లు రాశావ్ గానీ 2014 నుంచి జీతాలు ఆగిపోయాయన్న మాట ఒక్కసారీ లేదు! మూసేటప్పుడు వీఆర్ఎస్ (స్వచ్ఛంద విరమణ) డబ్బు కూడా 2007 నాటి పే స్కేల్ లెక్కనే ఇచ్చారు, అప్పటికి వచ్చిందేమో 2016. రిటైరైన వాళ్ళెవరైనా దొరికితే బాధ గురించి అడక్కు, ఫ్యాక్టరీలో ఏ షాపులో (విభాగంలో) చేశారు, ఏ మెషిన్ మీద నిలబడ్డారు, కిరాణా కొట్లో అప్పు ఎన్నాళ్ళు పెట్టారు, అవి అడుగు, మిగతాది వాళ్ళే చెప్తారు.

అన్నట్టు ఆ స్థలంలో కొంత ఇప్పుడు ఆపిల్ మార్కెట్. అది నీ డ్రాఫ్ట్‌లో అసలు లేదు, కనుక్కుని కలిపి పంపు.